ఖమ్మం నుండి స్లొవేనియాకు: మొదటి ప్రయాణానికి సిద్ధపడేవారికి

"అయ్యగారూ, మీరు వెళ్ళేది స్లొవేకియాకా, స్లొవేనియాకా?" అని మా సంఘంలో నన్ను అడగనివారు లేరు. వారిని ఏమనను? మా దరఖాస్తు నింపిపెట్టిన ఏజెంటు కూడా మొదట స్లొవేకియా అనే రాశాడు. రెండూ వేరు దేశాలు. స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా. మేము వెళ్ళిన స్లొవేనియా రాజధాని ల్యుబ్లియానా. 1991 వరకు యుగోస్లావియాలో ఒక భాగంగా ఉండి, ఆ సంవత్సరం జూన్ 25న స్వతంత్రం ప్రకటించుకున్న చిన్న దేశమిది. ఇటలీ, ఆస్ట్రియా, హంగరీ, క్రొయేషియాల నడుమ ఉంటుంది. విస్తీర్ణంలో మన పాత ఖమ్మం జిల్లా కంటే కొంచెం పెద్దది. జనాభా సుమారు 21 లక్షలు. సగానికి పైగా అడవి.

నా మేనకోడలు అక్కడ పరిశోధన చేస్తోంది. నాలుగేళ్ళుగా ఇంటికి రాలేదు. "మామయ్యా, నాకు సెలవు దొరకడం లేదు, అమ్మానాన్నలను నువ్వే తీసుకుని రా" అని ఫోనులో ఏడ్చింది. బావ మిరప రైతు, అరవై దాటారు. అక్కకు మోకాళ్ళ నొప్పులు. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు, విమానం ఎక్కి ఎరుగరు. ఇంకో రెండేళ్ళు ఆగితే అక్క నడవగలదో లేదో అన్న భయం మా అందరికీ ఉంది.

ఇలా పిల్లల కోసం పరదేశం వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు మన పల్లెల్లోనూ ఉన్నారు. మేము చేసిన తప్పు వారు చేయకూడదని ఇది రాస్తున్నాను.

ఆ తప్పు 2024 మార్చిలో జరిగింది. వీసాకు బ్యాంకు ఖాతా లెక్క చూపాలి. రైతు ఖాతా ఎలా ఉంటుందో మీకు తెలుసు. పంట అమ్మిన నెల నిండుతుంది, మందుల కొట్టు బాకీ కట్టగానే ఖాళీ అవుతుంది. ఏజెంటు చూసి పెదవి విరిచాడు. "ఎవరి దగ్గరైనా ఐదు లక్షలు తెచ్చి నెల రోజులు వేసి ఉంచండి, అందరూ చేసేదే" అన్నాడు. బావ నా ముఖం చూశారు. నేను వద్దు అని ఉండవలసింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, దాచితే ఈ వ్యాసమే అబద్ధమవుతుంది. నేను తల ఊపాను. వడ్డీకి తెచ్చిన సొమ్ము ఖాతాలో పడింది. మూడు వారాలకు మా ముగ్గురి పాసుపోర్టులూ వీసా లేకుండా తిరిగి వచ్చాయి. కూడా వచ్చిన కాగితంలో కారణాలకు టిక్కులు పెట్టి ఉన్నాయి: పోషణకు డబ్బుందన్న రుజువు చాలదు, తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదు. మనిషికి 80 యూరోల రుసుము పోయింది, అది తిరిగి ఇవ్వరు. వడ్డీ సరేసరి. ఖాళీ ఖాతాలో ఒక్క రోజున ఐదు లక్షలు పడితే చూసేవారికి అర్థం కాదా?

ఆ రాత్రి అక్క ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం కూడా ముట్టలేదు.

ఒకసారి నిరాకరించారంటే శాశ్వతంగా తలుపు మూసినట్టు కాదు. మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే మొదటిది వారి కంప్యూటరులో ఉంటుంది కనుక దాచకూడదు. మరుసటి సంవత్సరం మేము ఏజెంటును మానేసి, ఉన్నది ఉన్నట్టు చూపించాము. బావ పట్టాదారు పాసుపుస్తకం, మూడేళ్ళుగా యార్డులో మిర్చి అమ్మిన తక్‌పట్టీలు, వాటికి సరిపడే బ్యాంకు లెక్కలు పెట్టాము. అక్కడినుండి మేనకోడలు తన జీతం కాగితాలు, మా ఖర్చు తానే భరిస్తానన్న హామీ పత్రం పంపింది. మా సంఘం నా సెలవు గురించి ఉత్తరం ఇచ్చింది. నిరుడు ఖాతాలో పడిన ఐదు లక్షలు అప్పు అని, తిరిగి ఇచ్చేశామని కూడా ఒక కాగితం మీద రాసి జత చేశాను. అది రాసేటప్పుడు చెయ్యి కాస్త వణికింది. ఈసారి వీసా వచ్చింది. నిజం చెప్పినవారందరికీ వస్తుందని నేను హామీ ఇవ్వలేను. అబద్ధానికి అయిన ఖర్చు మాత్రం చెప్పగలను.

వీసా పేరు షెంజెన్ వీసా. స్లొవేనియా 2007 డిసెంబరు నుండి ఆ కూటమిలో ఉంది. ఒకే వీసాతో కూటమిలోని ఇతర దేశాలకూ వెళ్ళవచ్చు గాని, ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి పెట్టవచ్చు. కనీసం పదిహేను రోజుల ముందు పెట్టాలి. నా మాట వినేవారైతే రెండు నెలల ముందే పెట్టండి. 2024 జూన్ నుండి పెద్దలకు రుసుము 90 యూరోలు. ఆరేళ్ళలోపు పిల్లలకు లేదు. 30,000 యూరోలకు తగ్గకుండా వైద్య బీమా తప్పనిసరి. తిరిగి బయలుదేరే తేదీ తర్వాత కూడా మూడు నెలలు పాసుపోర్టు చెల్లుబాటు ఉండాలి. మేము వచ్చేశాక, 2025 అక్టోబరు 12 నుండి, సరిహద్దులో వేలిముద్రలు, ముఖం ఫోటో నమోదు చేసే కొత్త పద్ధతి మొదలైంది. దానికి క్యూలో ఇంకొంత సమయం పడుతుందని లెక్క వేసుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి? జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ జనం ఎక్కువ, గదుల ధరలూ ఎక్కువ. చలికాలం మనవల్ల కాదు. మే, జూన్, సెప్టెంబరు మంచివి. మిరప నాట్లు సెప్టెంబరు దాకా సాగుతాయి కనుక బావకు అది కుదరదు. పంట అమ్మి, తొలకరి పడకముందు మే నెలాఖరు కుదిరింది. అప్పుడక్కడ వాన ఎప్పుడైనా పడవచ్చు. సాయంత్రమైతే మనకు స్వెట్టరు కావాలి. రాత్రి ఎనిమిదిన్నరకు ఇంకా వెలుతురు ఉండడం చూసి అక్క దీపాల వేళ ఎప్పుడో తెలియక తికమకపడింది.

సామాను దగ్గర మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. కూతురికి బంగినపల్లి మామిడిపళ్ళు, నెయ్యి, మటన్ పచ్చడి కట్టింది అక్క. బయటి దేశాలనుండి వచ్చేవారు ఐరోపాలోకి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. మొక్కల ఆరోగ్య ధృవపత్రం లేకుండా మామిడిపళ్ళూ తేకూడదు. మూడూ ఇంట్లోనే ఉండిపోయాయి. గోంగూర పచ్చడి, కారం పొడులు వెళ్ళాయి. మందులు మాత్రం డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోవాలి.

మన దేశం నుండి ల్యుబ్లియానాకు నేరుగా విమానం లేదు. మేము హైదరాబాదు నుండి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళి అక్కడ మారాము. కూటమిలో అడుగుపెట్టే మొదటి చోటు అదే కనుక పాసుపోర్టు తనిఖీ అక్కడే జరుగుతుంది. రెండు విమానాల మధ్య మూడు గంటలైనా ఉండేలా టిక్కెట్టు కొనండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి టిక్కెట్టు కొన్నప్పుడే చక్రాల కుర్చీ అడిగితే ఏర్పాటు చేస్తారు. అక్క "నేనేమైనా రోగినా" అని మొదట అలిగింది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం ఎంత పొడవో చూశాక ఊరుకుంది.

పది రోజుల్లో ఏడు దేశాలు చూపే యాత్రలున్నాయి. అలా వెళ్ళినవారు బస్సు కిటికీని ఎక్కువగా చూస్తారని నా అభిప్రాయం. మేము ఒక్క దేశంలో రెండు చోట్ల మాత్రమే ఉన్నాము. ల్యుబ్లియానాలో మేనకోడలి ఇంట్లో ఎనిమిది రాత్రులు, బ్లెడ్‌లో రెండు. ల్యుబ్లియానా నడిబొడ్డున కార్లు తిరగవు, నది పక్కన ముసలివారు కూడా నిదానంగా నడవవచ్చు. కొండమీది కోటకు పట్టాల మీద నడిచే పెట్టె ఉంది. కుళాయి నీళ్ళు తాగవచ్చు. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి కనుక శనివారమే కూరగాయలు కొనుక్కోవాలి.

బ్లెడ్‌కు రైలు కంటే బస్సు మేలు. లెస్త్సే అనే ప్రధాన స్టేషను చెరువుకు నాలుగు కిలోమీటర్ల దూరం, బస్సు ఊళ్ళోనే దింపుతుంది. చెరువు మధ్య చిన్న దీవి, దాని మీద గుడి గంటల గోపురం. చెక్క పడవలో వెళ్ళాలి. దిగాక 99 రాతి మెట్లు. పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని ఎత్తుకుని ఆ మెట్లెక్కడం వారి ఆచారం. బావ అక్క వైపు చూశారు. "చాల్లే, నడుం పడిపోద్ది" అని అక్క కింద గట్టు మీదే కూర్చుంది. పైన గుడిలో గంట మోగిస్తే కోరిక తీరుతుందని వారంటారు. నేను మోగించలేదు. బావ మోగించారు. ఏం కోరారని అడిగితే "మిర్చి ధర" అన్నారు. 2025లో ఆ ధర ఎలా పడిపోయిందో రైతు కుటుంబాలకు నేను చెప్పనక్కరలేదు.

కాళ్ళు బాగాలేనివారు గుహలు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ష్కొత్సియాన్ గుహలు 1986లోనే ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి, కాని అక్కడ మెట్లు వందల్లో ఉన్నాయి. పోస్టోయ్నా గుహలో చిన్న రైలు ఉంది. 1872లోనే లోపల పట్టాలు వేశారు, మొదట్లో బళ్ళను మనుషులే తోసేవారట. రైలు దిగాక ఒకటిన్నర కిలోమీటరు నడక మాత్రం తప్పదు. అక్క రెండుచోట్ల ఆగి, నా భుజం పట్టుకుని పూర్తిచేసింది. లోపల ఏడాది పొడవునా పది డిగ్రీల చలి. కళ్ళు కనబడని, తెల్లని, ఏళ్ళ తరబడి ఆహారం లేకుండా బ్రతకగల ఒక జీవి అక్కడి నీళ్ళలో ఉంటుంది. దానిని వారు మనిషి చేప అంటారు.

బావకు నచ్చింది ఇవేవీ కాదు. పొలాల్లో గడ్డి ఆరబెట్టడానికి నిలువుగా కట్టిన కొయ్య చట్రాలు. వాటి పేరు కోజోలెట్స్. వాన దేశంలో గడ్డి నేలమీద కుళ్ళకుండా అడ్డకర్రల మీద వేస్తారు, పైన చిన్న కప్పు ఉంటుంది. బస్సు దిగినచోటల్లా వాటి కొలతలు జానలతో కొలిచారు. బ్లెడ్ దగ్గర రాదోవ్‌లిత్సాలో తేనెటీగల ప్రదర్శనశాల కూడా ఆయనకోసమే చూశాము. ఆ దేశపు ఆంటోన్ యాన్షా అనే తేనెటీగల పెంపకందారుని జ్ఞాపకంగానే, స్లొవేనియా కోరిక మీద, మే 20ని ప్రపంచ తేనెటీగల దినంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది.

ఇక నా సంతోషం ఒకటి చెప్పి తీరాలి. ఆదివారం ల్యుబ్లియానాలో లూథరన్ ఆలయానికి వెళ్ళాను. దానికి ప్రిమోష్ ట్రూబార్ పేరు పెట్టారు. ఆయన 1508లో రాషిత్సా అనే పల్లెలో పుట్టిన బోధకుడు. తన దేశంలో ఉండనివ్వకపోతే జర్మన్ గడ్డకు వెళ్ళి, 1550లో ఒక ప్రశ్నోత్తర బోధ పుస్తకాన్ని, ఒక అక్షరాల పుస్తకాన్ని అచ్చువేయించాడు. స్లొవేనియా భాషలో అచ్చయిన మొదటి పుస్తకాలవే. 1584లో యూరి దల్మాటిన్ చేసిన బైబిలు అనువాదం విటెన్‌బర్గులో అచ్చయింది. మన తెలుగులో తొలి అచ్చుపుస్తకాలు కూడా 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్టణంలో బెంజిమన్ షుల్జ్ వేయించినవే కదా! ఈరోజు అక్కడ ప్రొటెస్టంట్లు చాలా కొద్దిమంది, అయినా అక్టోబరు 31 సంస్కరణ దినం ఆ దేశమంతటికీ సెలవు. ఆరాధన వారి భాషలోనే జరిగింది. నాకు ఒక్క మాట అర్థం కాలేదు, కాని ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలిసింది.

వారి ఒక యూరో నాణెం మీద ఉన్నది ఈ ట్రూబార్ ముఖమే. దానిని నేను తెచ్చుకున్నాను. బావ తెచ్చుకున్నది ఐదు సెంట్ల రాగి రంగు బిళ్ళ. దాని మీద ఒక రైతు చేను మీద నడుస్తూ విత్తనాలు చల్లుతూ ఉంటాడు. చూస్తే ఆ విత్తనాలు నక్షత్రాలు.

బయలుదేరే రోజు విమానాశ్రయంలో తల్లీకూతుళ్ళు మాట్లాడుకోలేదు, చేతులు మాత్రం వదల్లేదు. చక్రాల కుర్చీ తోసే అబ్బాయి కొంతసేపు పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. మొన్న వాళ్ళ ఊరు వెళ్తే, బావ పెరట్లో వెదురుతో కోజోలెట్స్ కట్టి ఉంది. గడ్డి కోసం కాదట, మిరపకాయలు ఆరబెట్టి చూద్దామని. అక్క దాని మీద దుప్పట్లు ఆరేసింది.