పగలు కొన్న వంగపండు రంగు పూలు రాత్రి పెళ్ళిలో ఎందుకు మారిపోతాయి?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలుతో పాటు పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే దీన్ని జంక్షన్‌గా మార్చింది. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైల్వే ఉద్యోగాలతో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. ఉత్తరాది ఊళ్ళో ఉన్నా, తెలుగువారి పెళ్ళి ముహూర్తం తరచూ అర్ధరాత్రో తెల్లవారుజామునో పడుతుంది. పూలను, చీరను ఎంచుకునేది మాత్రం పట్టపగలు.

బంతిపూలకు, మల్లెలకు దీనితో పెద్ద ఇబ్బంది లేదు. పెళ్ళికూతురు వంగపండు రంగు పట్టుచీరకు జతగా ఊదా పూలు కావాలంటేనే చిక్కు. పగలు చీరతో చక్కగా కలిసిన పూలు రాత్రి మంటపంలో మెరూన్‌గానో, వెలిసిన నీలంగానో కనిపించవచ్చు. అలాగని అమ్మిన వారు మోసం చేసినట్టు కాదు. పూలూ మారలేదు, వాటి మీద పడే వెలుగే మారింది.

ఇంద్రధనుస్సులో లేని రంగు

ఇంద్రధనుస్సు చివర కనిపించేది నీలలోహితం. అది ఒకే తరంగదైర్ఘ్యం గల కాంతితోనూ ఏర్పడుతుంది. వంగపండు రంగు అలా ఏర్పడదు. కంటికి నీలం, ఎరుపు కాంతులు కలిసి చేరి, మధ్యలోని ఆకుపచ్చ తక్కువైనప్పుడు మెదడు దాన్ని ఊదాగా గుర్తిస్తుంది.

చాలా ఊదా పూలలో ఈ పని చేసేది ఆంథోసయనిన్ అనే వర్ణద్రవ్యం. అది ఆకుపచ్చ, పసుపు కాంతిని ఎక్కువగా పీల్చుకుని నీలాన్ని, ఎరుపును వదిలేస్తుంది. అంటే పూల మీద పడే వెలుగులో ఆ రెండూ తగినంత ఉంటేనే ఊదా నిలుస్తుంది. ఒకటి తగ్గితే రంగు రెండోదాని వైపు మొగ్గుతుంది.

నూనె దీపం, హోమాగ్ని వెలుగు రంగు ఉష్ణోగ్రత సుమారు 1900 కెల్విన్. పాతకాలపు ఫిలమెంట్ బల్బుది సుమారు 2700. ఈ వెలుగులో ఎరుపు పుష్కలం, నీలం స్వల్పం. మన కన్ను కొంత సర్దుకున్నా ఊదా పువ్వు మెరూన్ వైపు జరుగుతుంది. ఇక 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీలో నీలి కాంతి ఎక్కువ. నాసిరకం ఎల్‌ఈడీలో ముదురు ఎరుపు బాగా తక్కువ. దాని కింద అదే పువ్వు నీలంగా, నిర్జీవంగా కనిపిస్తుంది.

చీర ఒక దారి, పువ్వు ఒక దారి

చీరకు వాడిన అద్దకం, పూలలోని వర్ణద్రవ్యం వేర్వేరు రసాయనాలు. అవి కాంతిని పీల్చుకునే తీరూ వేరే. పగటి వెలుగులో రెండూ కంటికి ఒకటే రంగుగా తోచినా, దీపం మారితే విడిపోతాయి. భౌతికశాస్త్రం దీన్ని మెటామెరిజం అంటుంది. బట్టల దుకాణంలో రవిక గుడ్డను వీధిలోకి తెచ్చి చూసే అలవాటు వెనుక ఉన్నది ఇదే సూత్రం. పెళ్ళి పూలకు మాత్రం ఆ అలవాటును తిరగేయాలి: వీధిలోంచి మంటపం దీపాల కిందికి తీసుకెళ్ళి చూడాలి.

ఫోటోలది మరో కథ. కెమెరా సెన్సర్ రంగులను అచ్చం మన కన్నులాగా విడదీయదు. అందుకే కంటికి ఊదాగా ఉన్న పువ్వు ఫోన్ ఫోటోలో మరింత నీలంగా పడటం మామూలే.

రసంలోనూ రహస్యం

1915లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న రిచర్డ్ విల్‌స్టాటర్ ఎర్ర గులాబీలోను, నీలి కార్న్‌ఫ్లవర్‌లోను ఒకే వర్ణద్రవ్యం ఉందని చూపించాడు. రేకుల కణరసంలోని ఆమ్లత, లోహ అయాన్లు, తోడుండే ఇతర అణువులు తుది రంగును నిర్ణయిస్తాయి. ఆమ్లత ప్రభావాన్ని ఇంట్లోనే చూడవచ్చు. శంఖుపుష్పాలను వేడినీళ్ళలో వేస్తే నీలం దిగుతుంది. నిమ్మరసం పిండితే అది ఊదాగా, తర్వాత గులాబీగా మారుతుంది.

గులాబీకి మరో లోటు ఉంది. ఊదా, నీలం వైపు తీసుకెళ్ళే డెల్ఫినిడిన్‌ను తయారు చేసే ఎంజైమ్ దానికి లేదు. జపాన్ కంపెనీ సంటోరీ పాన్సీ మొక్క జన్యువును చేర్చి రూపొందించిన 'నీలి గులాబీ' 2009లో అమ్మకానికి వచ్చింది. అది కూడా నిజానికి లేత ఊదాగానే ఉంటుంది. అందువల్ల బజారులో ముదురు నీలం, చిక్కని ఊదా గులాబీలు కనిపిస్తే రంగు పట్టించినవేమో అడగాలి. పైన చల్లిన రంగు తడి తగిలితే పట్టుచీరకు అంటే ప్రమాదం ఉంది.

ఏ పువ్వు, ఎందుకు?

శీతాకాలపు పెళ్ళికి డిసెంబరాలు అందమే కానీ త్వరగా వాడిపోతాయి. జడలో ముడిచే వేళకు కోయించుకోవాలి. ఊదా డెండ్రోబియం ఆర్కిడ్లు చాలా రోజులు నిలుస్తాయి. అయితే అవి ఉష్ణమండలపు పూలు. బాగా చల్లని ఫ్రిజ్‌లో పెడితే దెబ్బతింటాయి. పండిన అరటి గెలల నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు కూడా వాటికి పడదు. పెళ్ళింట అరటిపండ్లు, ఆర్కిడ్లు ఒకే గదిలో ఉంచకపోవడం మంచిది.

మే నెలలో బిలాస్‌పూర్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో దండలకు బొగడబంతిని మరచిపోకూడదు. దాని ఊదా రంగు ఆంథోసయనిన్ ఇచ్చింది కాదు. బీట్‌రూట్‌కు, కాగితపు పూలకు రంగునిచ్చే బీటలైన్ కుటుంబానిది. ప్రకృతిలో ఈ రెండు రకాల వర్ణద్రవ్యాలు ఒకే మొక్కలో కలిసి కనిపించవు. ఆమ్లత కొంత మారినా బీటలైన్ రంగు అంతగా మారదు. పైగా బొగడబంతిలో రంగు కనిపించేది కాగితంలాంటి పొడి భాగాల్లో. అవి ఎండినా ఆకారాన్ని, రంగును చాలాకాలం నిలుపుకుంటాయి. దీపం మారితే ఈ పువ్వు కూడా కొంత వేరుగా కనిపిస్తుంది, కానీ వేడికి వాడి రూపు చెడదు.

దీపాలు పెట్టేవారిని సీఆర్‌ఐ ఎంత అని అడగడం మరో జాగ్రత్త. రంగులను ఎంత నిజంగా చూపగలదో చెప్పే కొలత అది. 90 దాటిన దీపాలు మేలు. దాంతోపాటు ముదురు ఎరుపును చూపే సామర్థ్యాన్ని తెలిపే ఆర్9 విలువ కూడా ఎక్కువగా ఉంటే ఊదాకు మరీ మంచిది.

ఇవేవీ కుదరకపోయినా, ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. బయానా ఇచ్చే ముందు ఒక్కో రకం పువ్వు ఒక్కోటి, చీరతో వచ్చిన రవిక గుడ్డ తీసుకుని, పొద్దుగూకాక కల్యాణ మంటపానికి వెళ్ళి దీపాలు వేయించి చూస్తే చాలు. ఏది చీరతో కలుస్తుందో అక్కడే తేలిపోతుంది.