సోరియాసిస్: పథ్యం, పసుపు, పసరు ఎంతవరకు?

అమెరికాలో నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో నవంబరు దాటి ఇంట్లో హీటర్ వేయడం మొదలైందంటే చర్మం బిగుసుకుపోతుంది. సోరియాసిస్ ఉన్నవాళ్లకు మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో వెంట్రుకల అంచున పొలుసులు లేచేది కూడా అప్పుడే. ఈ ఊళ్లో తెలుగు ఇళ్లకు కొదవ లేదు, సలహాలకు అంతకన్నా కొదవ లేదు. వీడియో కాల్‌లో అమ్మ చెప్పే పథ్యం ఒకటి, వాట్సాప్‌లో వచ్చే పసరు వైద్యం మరొకటి, ఇండియా నుంచి వచ్చినవాళ్ల సూట్‌కేసులో దిగే పేరులేని డబ్బా ఇంకొకటి. వీటిలో కొన్నిటివల్ల మేలుంది, కొన్నిటివల్ల నష్టం లేదు, కొన్ని మాత్రం ఆసుపత్రి పాలు చేస్తాయి.

అపోహ: రక్తం చెడింది, రక్తశుద్ధి చేసుకుంటే పోతుంది

రక్తంలో మలినమేమీ ఉండదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే రెచ్చిపోయి చర్మకణాలను తొందరపెడుతుంది. నెల రోజుల్లో మారాల్సిన పైచర్మం కొన్ని రోజుల్లోనే మారిపోతుంది. పాత కణాలు రాలకముందే కొత్తవి పైకి వచ్చి పొరలుగా పేరుకుంటాయి. విరేచనాల మందులతో ఇది ఆగదు. వంశంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువే గాని, ఇది అంటురోగం కాదు. ఒకే తువ్వాలు వాడినా, ఒకే కొలనులో ఈదినా, ఒకే బంతిలో కూర్చుని తిన్నా రాదు. ఈ వ్యాధి ఉన్నవాళ్లు ఎదుర్కొంటున్న వివక్షను 2014లో ప్రపంచ ఆరోగ్య సభ ప్రత్యేకంగా తీర్మానంలో ప్రస్తావించింది. మన పెళ్లి సంబంధాల దగ్గరికి ఈ మాట ఇంకా చేరాల్సి ఉంది.

అపోహ: ఎర్రగా లేదు కాబట్టి ఇది తామరే

పుస్తకాల్లోని బొమ్మలు చాలావరకు తెల్లవాళ్ల చర్మానివి. మన ఒంటిమీద సోరియాసిస్ మచ్చ ముదురు ఊదాగానో, బూడిద కలిసిన గోధుమరంగులోనో ఉంటుంది. అంచు తెగినట్టు స్పష్టంగా ఉండి, పైన తెల్లటి పొట్టు కనిపిస్తుంది. అది చూసి తామర అనుకుని ఇండియా నుంచి తెప్పించిన ట్యూబు రాస్తారు. అలాంటి ట్యూబుల్లో తామర మందుతోపాటు యాంటీబయాటిక్, క్లోబెటాసాల్ లాంటి గాఢమైన స్టిరాయిడ్ కూడా కలిపి ఉంటాయి. వారంలో మచ్చ మాయమవుతుంది, అందుకే నమ్మకం కుదురుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. ఆపగానే జబ్బు రెట్టింపుగా తిరగబడవచ్చు. క్లోబెటాసాల్ చెడ్డ మందు కాదు. ఎక్కడ, ఎన్నాళ్లు, ఎంత రాయాలో చెప్పే డాక్టరు ఉన్నప్పుడు అది మంచి మందే. 2018లో భారత ప్రభుత్వం కూడా ఇలాంటి స్టిరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన తెచ్చింది.

అపోహ: వంకాయ, గోంగూర, చేపలు నంజు, మానేస్తే తగ్గుతుంది

వంకాయ మానితే సోరియాసిస్ తగ్గుతుందని చూపిన ఆధారం లేదు. ఆహారం మీద జరిగిన పరిశోధనలన్నీ వడపోసి 2018లో అమెరికాలోని నేషనల్ సోరియాసిస్ ఫౌండేషన్ వైద్యమండలి గట్టిగా చెప్పింది ఒక్కటే: బరువు ఎక్కువగా ఉన్నవాళ్లు తిండి తగ్గించి బరువు దిగితే సోరియాసిస్ కూడా శాంతిస్తుంది. గోధుమ మానమని అందరికీ చెప్పలేదు. గ్లూటెన్ పడదని రక్తపరీక్షలో తేలినవాళ్లకే ఆ సలహా. కాబట్టి మన కంచంలో చూసుకోవాల్సింది గోంగూరను కాదు, అన్నం కొలతను, వారాంతపు విందులను, మద్యాన్ని. సోరియాసిస్ ఉన్నవాళ్లకు మధుమేహం, గుండెజబ్బుల ముప్పు ఎక్కువ. మన తెలుగువాళ్లకు ఆ రెండూ ఎలాగూ పొంచే ఉన్నాయి. బరువు తగ్గితే అక్కడా మేలే.

అపోహ: ఆకుమందుకు దుష్ఫలితం ఉండదు

కొబ్బరినూనె దగ్గర మొదలుపెడదాం. అది వ్యాధిని నయం చేయదు గాని, పొలుసులను నానబెట్టి మెత్తబరుస్తుంది. స్నానం చేసి తడి పూర్తిగా ఆరకముందే రాయడం మంచిది. తలకైతే ముందురోజు రాత్రి పట్టించి పొద్దున షాంపూతో కడగాలి. పొట్టును గోళ్లతోనో, పీచుతోనో గీరి తీయకూడదు. గీరుకున్నచోట కొత్త మచ్చ లేస్తుందని 19వ శతాబ్దంలోనే కోబ్నర్ అనే జర్మన్ వైద్యుడు గుర్తించాడు.

ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర మనకు తెలుసు. ఆ చెట్టు ఆకులను కొబ్బరినూనెలో వేసి ఎండలో పెడితే నూనె ముదురు ఊదారంగుకు తిరుగుతుంది. తమిళనాట సిద్ధవైద్యులు సోరియాసిస్‌కు ఇచ్చే నూనె ఇదే. దీనిమీద పెద్ద పరీక్షలు జరగలేదు గాని, దీన్ని కొట్టిపారేయలేం. ఈ ఆకులో నీలిరంగునిచ్చే పదార్థాలున్నాయి. తైవాన్‌లో అలాంటి పదార్థాలే ఉన్న చైనా సంప్రదాయపు నీలిమందును లేపనంగా వాడి చూస్తే మచ్చలు బాగా తగ్గాయని 2008లో ప్రచురించారు. అదే నీలిమందును కడుపులోకి పుచ్చుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిందని 2016లో జపాన్ ప్రభుత్వం హెచ్చరించింది. ఒంటికి రాసుకునేదంతా మింగదగింది కాదు.

బావంచాల గింజలతోనూ జాగ్రత్త అవసరం. అందులోని సొరాలెన్ చర్మాన్ని వెలుతురుకు సున్నితం చేస్తుంది. ఆ గుణం ఆధారంగానే 1970లలో అతినీలలోహిత కాంతి చికిత్స ఒకటి వచ్చింది. ఆసుపత్రిలో కాంతిని కొలిచి ఇస్తారు. ఇంట్లో బావంచాల నూనె రాసుకుని ఎండలో కూర్చుంటే బొబ్బలెక్కుతాయి.

కూరలో పసుపుతో చిక్కేమీ లేదు. మిరియాల సారం కలిపిన పసుపు మాత్రలవల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు మాత్రం అమెరికాలో నమోదయ్యాయి. యాపిల్ వెనిగర్ పగిలిన చర్మాన్ని కాలుస్తుంది, మానేయండి. భస్మాలు, పేరులేని చూర్ణాల విషయంలో నేను ఏమాత్రం మెత్తబడను. బోస్టన్ చుట్టుపక్కల దక్షిణాసియా దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనికో ఉన్నట్టు తేలిందని 2004లో ప్రచురించారు.

అపోహ: ఇంగ్లీషు మందు మనకు పడదు, వేడి చేస్తుంది

సోరియాసిస్ ముదిరితే డాక్టర్లు ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దాన్ని, దానికన్నా ముందొచ్చిన అమినాప్టెరిన్‌ను తయారుచేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ పరిశోధకులకు నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కీళ్లవాతానికి అమినాప్టెరిన్ ఇచ్చిన వైద్యులు, రోగుల సోరియాసిస్ కూడా తగ్గడం గమనించి 1951లో రాశారు. మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు వాడకూడదు. మద్యం దూరం పెట్టాలి, కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

మందులు వాడుతున్నామని ధ్యానం మీద చిన్నచూపు అక్కర్లేదు. కాంతి చికిత్స తీసుకుంటూ ధ్యానపు టేపులు విన్నవాళ్లకు చర్మం త్వరగా బాగుపడిందని 1998లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన చూపింది. అక్కడ ధ్యానం చికిత్సకు తోడుగానే ఉంది.

పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నా, ఒక వేలు మొత్తంగా వాచినా, మడమ నొప్పి పట్టినా నూనెలతో కాలం గడపకండి. సోరియాసిస్ కీళ్లకు పాకితే కీలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. మోరిస్‌విల్‌కు దగ్గర్లోనే డ్యూక్, చాపెల్‌హిల్ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, రెండుచోట్లా చర్మవైద్య విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు వాడుతున్న నూనె, చూర్ణం, మాత్రల డబ్బాలన్నీ సంచిలో వేసుకెళ్లి డాక్టరు బల్లమీద పెట్టండి.