కొయ్యతో మన్ను త్రవ్వు యంత్రము

1839లో అమెరికా దేశస్థుడగు విలియం ఓటిస్ ఆవిరితో మన్ను త్రవ్వు యంత్రమునకు పేటెంటు పొందెను. దాని సంతతియే నేడు నూనె యొత్తిడిచే కదలుచు మన వీథులలో గోతులు త్రవ్వుచున్నది.

మా అమ్మాయి దానిని కొయ్యతో చేయబూనినప్పుడు, "ఆడుపిల్లకు రంపమేల?" అని నేనే కోపించితిని. ఆమె పదునాఱవ వంతు కొలత నెన్నుకొనెను. యంత్రమున అడుగైనది బొమ్మలో ముప్పాతిక యంగుళము. నాలుగడుగుల తొట్టి మూడంగుళములే. సన్నని పేళ్లను గుడ్డపై నంటించి నడక పట్టీలు చేసెను. కీళ్లకు కొయ్యసీలలు దిగవేసెను.

మొదటి చేయి పుటుక్కున విఱిగెను. కలప నారలు దానికి అడ్డముగా నుండుటయే కారణము. బిడ్డ కంట నీరు పెట్టుకొనగా చూడలేక, వేఱొక టేకుముక్కను నారలు పొడవునా సాగునట్లు నేను పట్టుకొంటిని, ఆమె కోసెను. ఇప్పుడా చేయి లేచును, వంగును, తొట్టితో బియ్యము నెత్తును.

మావారు పలకపై నెంత బోధించినను ఒంటబట్టని భిన్నములు ఈ కొయ్యపై పట్టువడినవి. తల్లులారా! పనిముట్టు నందుకొన్న చేతిని వెనుకకు లాగకుడు. ప్రక్కన గూర్చుండి ముక్కను పట్టుకొనుడు.