చొప్పకు గూడ ధర ఉంటది

విత్తనాల దుకాణానికి పోతె ఆయన మొదలు చెప్పేది ఒక్కటే, ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు ఎల్తయని. మనం అడిగేది గూడ గదే. గా పంట చొప్ప బర్రెకు అరుగుతదా అని అడిగినోణ్ని నేనైతె ఇప్పటిదాంక చూడలేదు. పాడి పెట్టుకున్న పోరగాళ్లం గూడ అడుగుతలేము. దాణా బస్తా రేటు పెరిగిందని మాత్రం రోజు తిట్టుకుంటం. పాడి ఖర్చుల సగానికన్న ఎక్కువ మేతకే పోతదని లెక్క రాసుకునేటోళ్లందరికి ఎరుకే.

గీ చొప్ప ముచ్చట మీద ఏండ్లకేండ్లు పనిచేసిన శాస్త్రవేత్త పేరు మైఖేల్ బ్లుమ్మెల్. జర్మనీల హోహెన్‌హైమ్ యూనివర్సిటీల చదువుకున్నడు. అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ తరఫున మన పటాన్‌చెరుల, ఇక్రిశాట్ ఆవరణలనే పనిచేసిండు.

ఆయన, ఇక్రిశాట్ ఆర్థికవేత్త పి.పార్థసారథిరావు కలిసి హైదరాబాద్‌ల చొప్ప అమ్మే అడ్డాలకు పోయిన్రు. పట్నంల బర్లు పెట్టుకున్నోళ్లు జొన్న చొప్ప కొనుక్కుంటరు గదా. ఏ రకం ఎంతకు పోతుందో రాసుకున్నరు, అదే చొప్పను ల్యాబుకు తెచ్చి పరీక్ష చేసిన్రు. 2006ల ఆ లెక్క అచ్చయింది. నాసి చొప్పల నూటికి 47 పాళ్లు అరుగుతుంటె, మంచి చొప్పల 52 పాళ్లు అరుగుతున్నయి. తేడా అయిదు పాళ్లే. ధరల తేడా మాత్రం నూటికి 25 పైనే ఉన్నది. కొనేటోళ్ల దగ్గర ఏ మిషనూ లేదు. అయినా వాళ్ల అంచనా, ల్యాబు లెక్క ఒక్కతీరుగనే నడిచినయి. నాకైతె ఈ పరిశోధనల గిదే అన్నిటికన్న నచ్చింది.

అయిదు పాళ్లకు గంత పైసలెందుకు పెడ్తరు? బర్రె తిన్నదాంట్ల మొదటి వాటా దాని బతుకుకే పోతది. లేచి నిలబడాలె, ఊపిరి తీయాలె, ఒంట్ల వేడి నిలుపుకోవాలె. అవన్ని పోంగ మిగిలిందే పాలకొస్తది. లెక్క కోసం అనుకుందాం: బర్రె పది కిలోల చొప్ప తిన్నది, బతుకుకు నాలుగు కిలోలు కావాలె. నాసి చొప్పయితె అరిగేది 4.7 కిలోలు, మిగిలేది ఏడు వందల గ్రాములు. మంచిదయితె అరిగేది 5.2, మిగిలేది కిలో రెండు వందల గ్రాములు. అరుగుడుల తేడా చిన్నదే గని మిగులుడుల తేడా చూడున్రి! పైంగ తొందరగ అరిగే మేతయితె పొట్ట జల్ది ఖాళీ అయితది, బర్రె ఇంకింత తింటది.

ఆ అరుగుడును కొలిచే తీరు గూడ మస్తుంటది. పశువు పెద్ద పొట్టలకెళ్లి కొంత ద్రవం తీస్తరు, అండ్ల కంటికి కనపడని సూక్ష్మజీవులుంటయి. గాజు సిరంజిల చొప్ప పొడి, ఈ ద్రవం పోసి 39 డిగ్రీల వేడిల పెడ్తరు. సూక్ష్మజీవులు పొడిని తిని గ్యాస్ ఇడుస్తయి, ఆ గ్యాస్‌కు సిరంజి పిడి పైకి లేస్తది. ఎంత లేసిందో చూస్తె ఎంత అరుగుతదో అంచనా దొరుకుతది. వందల రకాలను గిట్ల చూడాల్నంటె ఒడువదు గాబట్టి, పొడి మీద కాంతి ఏసి ఎన్కకు తిరిగొచ్చిన కాంతిని బట్టి నిమిషాలల్ల చెప్పే మిషన్‌ను గూడ వాడిన్రు. అట్ల చూస్తె ఒకే పంటల రకం రకానికి చొప్పల తేడా కనవడ్డది. చొప్ప మంచిగుంటె గింజ తగ్గాల్నన్న రూలేం లేదని గూడ తేలింది. అనంతపురం దిక్కు ఏసే పల్లి రకం ఐసీజీవీ 91114కు కాయతోటి పాటు మేతకు గూడ పేరున్నది.

మరి విత్తనం ప్యాకెట్ మీద ఈ ముచ్చట ఎందుకుండదు? రకం విడుదల చేసేటప్పుడు దిగుబడి, ఎన్ని రోజుల పంట, ఏ తెగులుకు ఆగుతది, అన్నీ రాస్తరు. చొప్ప ఎంత అరుగుతదో ఒక్క లైను రాస్తె ఏం పోతది? రైతు వేదికల మీటింగ్ పెట్టినప్పుడు ఏఈఓను అడుగున్రి. పది ఊర్లల్ల పదిమంది అడిగితెనే పైదాంక పోతది.

ఇప్పుడు మన దిక్కు జొన్న తగ్గి వరే మిగిలింది. వరిగడ్డిల మాంసకృత్తులు నూటికి మూడు, నాలుగు పాళ్లే. పొట్టల సూక్ష్మజీవులు సక్కగ పనిచెయ్యాల్నంటె మేతల మొత్తంగ ఏడు పాళ్లన్న ఉండాలె. ఒట్టి గడ్డే ఏస్తె కడుపు నిండుతది గని పాలు రావు. పల్లి తీగ, కంది పొట్టు, పెసర పొట్టు పారెయ్యకుండ కలపాలె. గడ్డైనా చొప్పైనా కట్టర్‌ల కొట్టి ఏస్తె కింద పోయేది తగ్గుతది.

ఎవరన్న మేత కోసం మళ్ల జొన్న ఏద్దామనుకుంటె ఒకటి యాదికి పెట్టుకోన్రి. పూత రాకముందు, అందుల నీళ్లు లేక వాడిన లేత జొన్నల విషం ఉంటది. పశువు తిన్న కాసేపట్లనే పడిపోతది. పూతకొచ్చినంకనే కోసి ఏయున్రి. అంతకుముందు తాడిప్పి ఆ చేన్లకు పోనియ్యకున్రి.