బిరుదమును సత్యమును

పేరు తల్లిదండ్రు లిచ్చునది. బిరుదము లోకము వలన వచ్చునది. పేరు నిజమా యని యెవ్వరును ప్రశ్నింపరు. బిరుదమో, ‘ఈ వ్యక్తికి ఈ విద్య తెలియును’ అని పదుగురికి చెప్పు మాట. మాట గావున నది సత్యమైనను గావచ్చును, అసత్యమైనను గావచ్చును.

మా ధరూరు వంటి యూళ్లలో ఉపాధ్యాయుని యిల్లాలిని ‘పంతులమ్మ’ యనియు, వైద్యుని యిల్లాలిని ‘డాక్టరమ్మ’ యనియు పిలుచుట కలదు. ఏ బడిలోను పాఠము చెప్పకయే నేనును పంతులమ్మ నైతిని. వినువారికి నిజము తెలిసినదే గనుక నిది వట్టి మర్యాద. అయినను, ఏండ్ల తరబడి చదివి వైద్యపట్టము పొందిన యువతికిని ఆ ‘డాక్టరమ్మ’ పదమే మిగిలినది గదా! పెండ్లి వలన వచ్చిన పిలుపునకును, పరిశ్రమ వలన వచ్చిన బిరుదమునకును భేద మెఱుగకున్న, స్త్రీవిద్యకు గౌరవ మెక్కడిది?

వైద్యమునందు ఈ భేదము ప్రాణములతో ముడివడినది. ఆర్.ఎం.పి. యనగా నమోదైన వైద్యుడని యర్థము. పల్లెలలో మాత్రము పెక్కుచోట్ల నమోదు లేనివారికే యా పేరు స్థిరపడినది. అర్ధరాత్రమున బిడ్డకు జ్వరము వచ్చిన పిలువగనే వచ్చువా డాతడే యని కొందఱందురు. నిజమే; కృతజ్ఞత తగినదే. కాని కృతజ్ఞత పట్టము కానేరదు. ఏ మందు, ఎంత మోతాదు, పసిబిడ్డకు తగునా యనునది దయచే గాక విద్యచే తెలియవలెను. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టము, నమోదు లేక వైద్యము చేయువారికి ఒక సంవత్సరము వఱకు కారాగారము గాని, 5 లక్షల రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధించుచున్నది. నమోదు సంఖ్య యడుగుట అవమానము కాదు. అర్హుడైనవాడు సంతోషముతో చూపును.

లేని యోగ్యత చాటుకొనుట యొక యసత్యము. ఉన్న యోగ్యతను లేదనుట మఱియొకటి. తెలంగాణమున కవులే లేరని యొకప్పు డాక్షేపణ వచ్చినది. పండితసత్కారములచే ‘విద్వద్గద్వాల’ యని పేరుగన్న యీ సీమవారైన సురవరం ప్రతాపరెడ్డిగారు నిందకు నింద బదు లీయలేదు. కవుల వివరములను, రచనలను సేకరించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. అందు 354గురు కవులు గలరు. ‘మేమును కవులమే’ యని వేయిమాఱు లఱచినను తీరని వాద మా యొక్క గ్రంథముతో తీరినది.

కావున సోదరీమణులారా, ఎవరైన తమకు బిరుదము చెప్పుకొన్నను, ఒరుల యోగ్యతను కాదన్నను, కంఠబలమునకు లొంగకుడు. నిదర్శన మడుగుడు. మన బిడ్డలకును, ముఖ్యముగా మన ఆడుబిడ్డలకు, బిరుదమును ఆశించుటకంటె ముందు దానికి తగిన విద్యను సంపాదించుటయు, సంపాదించిన పిదప దానిని జంకక చెప్పుకొనుటయు నేర్పుదము.