బక్క పిల్లవాడు, రక్తములోని చక్కెర

ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొంగరములు చేయుదురు. దానిని త్రిప్పు పిల్లవాడు బక్కగా నుండవచ్చును. బక్కవాడు గనుక చక్కెరవ్యాధి భయము లేదనుకొనుట పొరపాటు.

ఆహారమువలన రక్తములో చేరిన గ్లూకోజును కండరములలోనికి పంపు హార్మోను ఇన్సులిన్. కణములు దాని మాట సరిగా విననిచో క్లోమము మరింత ఇన్సులిన్ స్రవించి లెక్క సరిపెట్టును. అందుచేత పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తములో గ్లూకోజు 100 మిల్లీగ్రాములకు లోబడియే యున్నను, ఇన్సులిన్ హెచ్చుగా నుండవచ్చును. తూకపు యంత్రమునకు ఈ సంగతి తెలియదు.

ఈ లోపమునకు మూలము కొంత తల్లి గర్భములోనే గలదు. 1987-90లో హైదరాబాదు సమీపమున కొన్ని గ్రామములలో గర్భిణీలకు, ఆరేండ్లలోపు పిల్లలకు అదనపు ఆహారమిచ్చిరి. పొరుగున మరికొన్నింటికి ఆ పథకము అప్పటికి రాలేదు. ఆ పిల్లలను 13-18 ఏండ్ల ప్రాయమున పరీక్షింపగా, ఆహారమందిన గ్రామములవారు సుమారు 14 మిల్లీమీటర్లు హెచ్చు పొడవుండిరి. ఇన్సులిన్‌కు లొంగని గుణము వారిలో సుమారు 20 శాతము తక్కువ; ధమనుల బిరుసును తక్కువే. కొవ్వు మాత్రము రెండు తెగలవారిలో దాదాపు సమానమే!

గడచిన బాల్యమును మార్చలేము గాని, కండరమును పనిచేయింపవచ్చును. పనిచేయు కండరము ఇన్సులిన్ పిలుపు లేకయే గ్లూకోజును లోనికి తీసికొనును. ఆట ముగిసినను కొన్ని గంటలు ఇన్సులిన్‌కు బాగుగా లొంగును. 5-17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషముల వ్యాయామము కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇందుకు బొంగరమాట చాలదు, రొప్పు రావలెను. ఆ దారుఢ్యమును బడిలోనే కొలవవచ్చును: 20 మీటర్ల ఎడమున రెండు గీతలు గీసి, వేగము క్రమముగా పెంచుచు, అలసి ఆగువరకు అటునిటు పరుగెత్తింపవలెను.