ఆధారపటము – ఆధేయసమాచారము

శాసనస్థలములను పటమున గుర్తించుటకు పరిశోధకులు క్యూజీఐఎస్ మొదలగు భూసమాచార సాఫ్ట్‌వేరులను వాడుచున్నారు. అందు మొదట తెరపై పఱచునది బేస్‌మ్యాప్. దీనిని ఆధారపటమందము. ఇది యెట్టి ఆధారమో విచారింపనిచో ప్రమాదము తప్పదు.

వైయాకరణులు ఆధారమును ఔపశ్లేషికము, వైషయికము, అభివ్యాపకమని మూడువిధములుగా జెప్పిరి. నువ్వులలోని నూనె అభివ్యాపకమునకును, చాపపై కూర్చుండుట ఔపశ్లేషికమునకును ఉదాహరణములు. ఆధారపటము చాపవంటిది. మనము గుర్తించిన బిందువుల అక్షాంశ రేఖాంశములు వేఱొక ఫైలులో నుండును. చాపను మార్చినంతమాత్రమున కూర్చున్నవాడు మాఱడు.

ఈ చాప యల్లిక యెట్టిదనగా, 2004లో ఆరంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వంటివానినుండి వచ్చు పటము ఒకే చిత్రము గాదు. నిలువునను అడ్డమునను 256 చుక్కలుగల పలకల కూర్పు. మొదటి మెట్టున ప్రపంచమంతయు నొకటే పలక, మెట్టుమెట్టునకు నాలుగింతలగును. ఈ పలకలు 1569లో మెర్కేటరు ప్రకటించిన ప్రక్షేపమునకు రూపాంతరమైన పద్ధతిని గీయబడినవి. అందు భూమధ్యరేఖకు దూరమైనకొలది కొలతలు సాగును. అమరావతి యక్షాంశమున (సుమారు 16½ అంశములు) 100 కిలోమీటర్లు దాదాపు 104గా దోచును. 60వ అంశమున పొడవు రెండింతలే. కావున దూరము కొలుచునపుడు సమతలగణనను విడిచి, భూమి యాకృతి ననుసరించు గణనను ఎన్నుకొనవలెను. ఆ సౌకర్యము క్యూజీఐఎస్‌నందే కలదు.

కొలతకంటె కాలము పెద్దచిక్కు. ఇక్ష్వాకుల విజయపురి యుండిన నాగార్జునకొండ లోయలో 1954–60 నడుమ త్రవ్వకములు జరిగినవి. 1955లో శంకుస్థాపనమై 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరము ఆ లోయను ముంచినది. కొన్ని కట్టడములను కొండపైకిని, అనుపునకును తరలించి నిలిపిరి. నేటి ఆధారపటముపై ఆ శాసనముల మూలస్థానములను గుర్తించినచో బిందువులు నీలినీటిపై బడును. అది చూచి, పొరపాటని తలచి బిందువును ఒడ్డునకు జరుపువాడు శాసనమునకు లేని చోటు కల్పించినవాడగును! బిందువు సత్యము, చాపయే క్రొత్తది.

ఇట్టియెడ ఆనకట్టకు పూర్వపు సర్వే పటమును స్కాను చేయించి, అక్షాంశరేఖాంశములతో సరిపఱచి, అడుగున నిలుపుట మేలు. ఆ పాతపటములు ఎవరెస్టు గణితమును అనుసరించినవి. ఆ విషయము సాఫ్ట్‌వేరునకు దెలుపనిచో స్థానములు ప్రక్కకు దొలగును. ప్రకటించు పటము క్రింద ఆధారపటము పేరు, దానిని గైకొన్న తేదీ, ప్రక్షేపము వ్రాయుట మఱువరాదు.